‘ఎలక్ట్రోమెకానికల్ డిప్లొమా’ పాంప్లెట్ చూసి ఫీజు కట్టబోతున్నారా? ఆగండి

పదో తరగతి ఫలితాలు రాగానే నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల బస్టాండ్ల దగ్గర ఒక పాంప్లెట్ చేతిలో పెడతారు. ‘ఎలక్ట్రోమెకానికల్ అండ్ మెయింటెనెన్స్ టెక్నాలజీ, ఏడాది డిప్లొమా, నూటికి నూరు శాతం ఉద్యోగం.’ అలాంటి ఒక చోట ఏడాది చదివి బయటికొచ్చిన పిల్లల సర్టిఫికెట్ ఇలా ఉంది: చుట్టూ బంగారు రంగు అంచు, మూలన మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్, కింద ‘డైరెక్టర్’ అని ఒక సంతకం. ఏ బోర్డు పరీక్ష పెట్టిందో అందులో లేదు. హాల్‌టికెట్ నంబర్ లేదు. లైన్‌మన్ నోటిఫికేషన్ పడితే అప్లికేషన్‌లో ఆ కాగితం పెట్టడానికి గడే ఉండదు. సంస్థ పేరు ఇక్కడ రాయట్లేదు. ఒకటి మూతపడితే అదే పాంప్లెట్ రంగు మార్చుకుని ఇంకో పేరుతో వస్తుంది కాబట్టి, గుర్తుపట్టే పద్ధతి తెలుసుకోవడమే మేలు.

ముందే చెప్తున్నాం, పని చెడ్డది కాదు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంట్‌లో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం 815.6 మెగావాట్లు. జూరాల ఎగువన ఆరు, దిగువన ఆరు యూనిట్లు. హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంట్, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, పోలేపల్లిలో ఫార్మా. వీటన్నిట్లో మోటారూ తెలిసి, దాని వెనకున్న గేర్‌బాక్సూ తెలిసిన మనిషికి గిరాకీ ఉంది. ఆ గిరాకీని చూపించే ఎర వేస్తున్నారు.

మొదట కాగితం సంగతి. అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఎలక్ట్రోమెకానికల్ టెక్నాలజీ అంటే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. ఆ పేరును ఇక్కడ ఎత్తుకొచ్చి బోర్డు మీద పెట్టేశారు. మన దగ్గర ఈ పనికి దారులు వేరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, మెకట్రానిక్స్ లాంటి ట్రేడ్లు రెండేళ్లు. పాసైతే కేంద్రంలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్ (డీజీటీ) కింద నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి చేరే పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, పరీక్షలు పెట్టేది రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి (ఎస్‌బీటీఈటీ). రెండేళ్ల ఐటీఐ అయినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాది. ఏడాది ‘డిప్లొమా’ ఈ మెట్లలో ఏ మెట్టు మీదా నిలబడదు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు ఎన్‌సీవీటీ (జాతీయ) లేదా ఎస్‌సీవీటీ (రాష్ట్ర) మండలి గుర్తించిన ఐటీఐ గానీ ఇంజినీరింగ్ డిప్లొమా గానీ అడుగుతారు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) జూనియర్ లైన్‌మన్‌కు 2022 నోటిఫికేషన్‌లో ఎలక్ట్రికల్ ఐటీఐ లేదా ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అడిగారు.

ఆఫీసు గోడ మీద ఫ్రేములు చూసి మోసపోకండి. ఐఎస్‌వో 9001 అంటే ఆ ఆఫీసు తన పనిని ఒక పద్ధతిలో రాసి పెట్టుకుందని, అంతే. చదువుకు గుర్తింపు కాదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా ఎవరైనా తీసుకోవచ్చు, కిరాణా కొట్టుకూ వస్తుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ కూడా అంతే. ‘గవర్నమెంట్ రిజిస్టర్డ్’ అంటారు, నిజమే. రిజిస్టర్ అయింది సంస్థ, కోర్సు కాదు. ఐటీఐకి అఫిలియేషన్ కూడా సంస్థ మొత్తానికి ఒకేసారి రాదు, ట్రేడ్ వారీగా, యూనిట్ల (బ్యాచ్‌ల) లెక్కన వస్తుంది. ఫిట్టర్‌కు అనుమతి ఉన్న చోట ఎలక్ట్రీషియన్‌కు లేకపోవచ్చు. కాబట్టి అడగాల్సిన మాట ఒక్కటే: ‘నాకు హాల్‌టికెట్ ఏ బోర్డు పేరు మీద వస్తుంది? పోయినేడు పాసైన ఒకరి సర్టిఫికెట్ నంబర్ చూపించండి.’ నంబర్ ఇస్తే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో సరిచూసుకోవచ్చు. నసిగితే లేచి వచ్చేయండి.

ఇక ల్యాబ్. కాగితం సరిగ్గా ఉన్న చోట కూడా పిల్లలు నష్టపోయేది ఇక్కడే. అడ్మిషన్ల రోజు కాకుండా మామూలు రోజు పొద్దున పది పదకొండుకు వెళ్లండి. పెద్ద మోటారును మొదట తక్కువ కరెంటుతో తిప్పి, తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చే స్టార్-డెల్టా ప్యానెల్ ముందు నిలబడి కాంటాక్టర్ల (కరెంటును కలిపే, తెంచే స్విచ్‌ల) టెర్మినల్ స్క్రూలు దగ్గరగా చూడండి. పిల్లలు వైరింగ్ విప్పి, మళ్లీ వేసి, మళ్లీ విప్పిన ప్యానెల్‌లో స్క్రూ గాడి అరిగి ఉంటుంది, వైరు కొసలు పొట్టిగా అయిపోయి ఉంటాయి. స్క్రూలు కొత్తగా మెరుస్తూ, ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మించితే మోటారును ఆపే పరికరం) మీద పారదర్శక ప్లాస్టిక్ ఇంకా అంటుకునే ఉంటే, ఆ ప్యానెల్ ఫొటోలకు పెట్టిందే.

ఆ రిలే డయల్ ఎంత మీద పెట్టారో, ఎందుకు పెట్టారో అక్కడున్న సారును అడగండి. 10 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల మీద ఫుల్ లోడ్‌లో సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్-డెల్టాలో రిలే మెయిన్ కాంటాక్టర్ కింద ఉంటే దాని గుండా పోయేది ఫేజ్ కరెంట్ (ఒక్కో వైండింగ్‌లో పోయే కరెంటు) మాత్రమే, అంటే లైన్ కరెంటులో 0.58 వంతు. కాబట్టి సెట్టింగ్ 8.1 ఆంపియర్ల దగ్గర ఉండాలి. నేమ్‌ప్లేట్ చూసి నేరుగా 14 పెడితే లైన్‌లో 24 ఆంపియర్లు దాటేదాకా రిలే పలకదు. ఆలోపు వైండింగ్ కాలి వాసన వస్తుంది. ఈ ఒక్క లెక్క చెప్పలేని చోట మీ అబ్బాయి మెయింటెనెన్స్ నేర్చుకోడు.

ఇంకో కిటుకు. టేబుల్ మీద 1 హెచ్‌పీ మోటారు పెట్టి ‘స్టార్-డెల్టా ట్రైనింగ్ కిట్’ అంటారు. అలాంటి చిన్న మోటార్లు చాలావరకు లోపలే స్టార్‌లో కట్టి, మూడు తీగలే బయటికి తీసి ఉంటాయి. స్టార్-డెల్టాకు ఆరు కొసలు కావాలి, పైగా నేమ్‌ప్లేట్ మీద డెల్టాకు 415 వోల్టులని ఉండాలి. టెర్మినల్ బాక్స్ మూత తీయమనండి. మూడే తీగలుంటే అక్కడ ప్యానెల్ దీపాలు వెలిగించి చూపిస్తున్నారు తప్ప మోటారు తిప్పట్లేదు.

మెకానికల్ వైపు బేరింగ్ పరీక్ష చాలు. రెండో ఏడాది పిల్లవాణ్ని ‘6306 బేరింగ్ లోపలి బోరు ఎంత తమ్మీ?’ అని అడగండి. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే 30 మిల్లీమీటర్లు. షాఫ్ట్ మీదికి ఎలా ఎక్కిస్తావంటే ‘సుత్తితో కొట్టి’ అన్నాడంటే మాస్టారే అలా చూపించినట్టు. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల గుండా లోపలి రింగుకు పోయి గాడిలో సొట్టలు పడతాయి. అవి కంటికి కనపడవు. కొన్ని వారాల్లో మోటారు గుర్రుమంటుంది, అప్పుడు బేరింగ్ కంపెనీని తిడతారు. ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీల దాకా వేడి చేసి ఎక్కించాలి, 120 దాటనివ్వకూడదు. హీటర్ లేకపోతే లోపలి రింగుకు సరిపడా పైపు ముక్క పెట్టి నెమ్మదిగా నొక్కాలి. కప్లింగ్ అలైన్‌మెంట్‌కు (రెండు షాఫ్టులు ఒకే గీతలో ఉన్నాయో చూడటానికి) 0.01 మిల్లీమీటరు చూపించే డయల్ గేజ్, ఇన్సులేషన్ చూసే 500 వోల్టుల మెగ్గర్, ఎయిర్ లైన్‌తో ఒక 5/2 సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో గాలి దారి మార్చేది), పిల్లలు ప్రోగ్రాం ఎక్కించే పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్), ఇవి వాడకంలో ఉండాలి. పీఎల్‌సీ అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటే దానికి దండం పెట్టుకుని వచ్చేయండి.

‘ప్లేస్‌మెంట్’ మాట. ఆఫర్ లెటర్ మీద పెద్ద ఫ్యాక్టరీ పేరు చెప్తారు, పీఎఫ్ పాస్‌బుక్‌లో మాత్రం లేబర్ కాంట్రాక్టర్ పేరుంటుంది. హోదా ‘టెక్నీషియన్’ అని నోటితో, ‘హెల్పర్’ అని కాగితం మీద. పోయినేడు పిల్లలు ఇద్దరు ముగ్గురిని వెతికి, వాళ్ల పాస్‌బుక్‌లో సంస్థ పేరు చూడండి. అప్రెంటిస్ అంటే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్ట్ నంబర్ ఉండాలి. నంబర్ లేని అప్రెంటిస్‌షిప్ అంటే చవక కూలి.

అన్నిటికంటే లోతైన గుంత ఈఎంఐ. ‘ఇప్పుడేం కట్టొద్దు, నెలకు కొంచెం కొంచెం’ అని ఫోన్‌లో ఓటీపీ అడుగుతారు. అది ఫీజు వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ లోన్. ఫీజు మొత్తం సంస్థకు ముందే చేరిపోతుంది. మీరు మూడో నెల మానేసినా వాయిదా మీ అకౌంట్ నుంచి కట్ అవుతూనే ఉంటుంది, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఓటీపీ చెప్పే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతులన్నీ రాసిన కాగితం) అడిగి, రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులో చదవండి. పదో తరగతి మెమో, టీసీ ఒరిజినల్స్ వదిలి రాకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్ చేత్తో పట్టుకుని రండి. మధ్యలో మానేసేవాళ్లను ఆపడానికి వాళ్ల దగ్గరుండే తాడు అదే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు: పాంప్లెట్, వాట్సాప్ మెసేజీలు, రసీదులు పడేయకండి. ‘నూటికి నూరు శాతం ఉద్యోగం’ అన్న ఆ పాంప్లెట్టే మీ సాక్ష్యం. డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో అడిగి, జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇవ్వండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు దాఖలు ఫీజు లేదు. ఒరిజినల్ మెమో ఇవ్వనంటే స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఈ ఏడాది చేరాలనుకునేవాళ్లు ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి ఒకసారి పోయి రండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ప్రాసెస్ కంట్రోల్ ఆటోమేషన్ లాంటి కోర్సులు వాటిలో పెట్టారు. అక్కడ కూడా ల్యాబ్‌లోకి వెళ్లి, కాంటాక్టర్ స్క్రూలు అరిగాయో లేదో చూశాకే చేరండి.