మన్ననూరు దాకా పొదుపు, ఆ తర్వాతే సవారీ

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సైకిల్ మీద పోవాలనుకునేవాళ్లంతా నన్ను అడిగేది ఘాట్ గురించే. ఎన్ని మలుపులు, ఎంత ఎక్కుడు, ఏ గేరు వేయాలి అని. నేనేమో దారి మొదట్లోనే వచ్చే కడ్తాల్ గురించి చెప్తా. ఈ దారిలో మనిషి ఓడిపోయేది అడవిలో కాదు, అడవికి వంద కిలోమీటర్ల ముందు, తెల్లారుజామున, కాళ్లు హుషారుగా ఉన్నప్పుడు.

మొన్న జనవరిలో పోయింది ఒక సైకిల్ బృందం పెట్టిన రెండు రోజుల రైడ్. శనివారం ఉదయం 5 గంటలకు తుక్కుగూడ రింగు రోడ్డు దగ్గర మొదలు, సాయంత్రానికి శ్రీశైలం, రాత్రి మకాం, ఆదివారం అదే దారిన వెనక్కి. ఒకవైపు 200 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. టైముకు మాత్రం బ్రెవే లెక్కే పెట్టారు, అంటే 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు. బ్రెవే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. గడువు పెట్టి చేసే దూరపు సైకిల్ రైడ్ ఇది, పందెం కాదు. ముందొచ్చినవాడికి కప్పు లేదు, చివరొచ్చినవాడికి నామోషీ లేదు. చేతిలో ఒక కార్డు ఇస్తారు, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర ముద్ర వేయించుకోవాలి, గడువు లోపల చేరాలి, అంతే. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఎలా చూసినా గంటకు 15 కిలోమీటర్లే. వినడానికి సులువుగా ఉంటుంది గానీ టిఫిన్, పంక్చర్, ఫోటోలు, చెట్టు కింద కాళ్లు చాపుకోవడం, అన్నీ ఆ పదిహేనులోనే.

తుక్కుగూడ దాటి కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ. రోడ్డు చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు, అలలు అలలుగా లేచి దిగుతుంటుంది. చలికాలం గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మనం పోయేది దక్షిణానికి. అందుకని ఆ గాలి వెన్ను తడుతుంది. చీకట్లో, చలిలో, ఎవడో ముందు పోతుంటే వాడి చక్రం వెనక దూరి గంటకు 28, 30లో పోవడం ఎంత తేలికంటే, మనం ఇంత గట్టివాళ్లమని మనకే కొత్తగా తెలిసినట్టుంటుంది. నా పక్కన పోతున్న ఇంజనీరింగ్ పిల్లగాడు అదే ఊపులో ఉన్నాడు. "అన్నా, ఇట్లయితే మధ్యాహ్నం మూడింటికే దర్శనం!" అన్నాడు. "తమ్మీ, తోస్తున్నది గాలి, నీ కాళ్లు కాదు. రేపు ఇదే గాలి మొఖం మీద కొడ్తది" అన్నాను. నవ్వి ముందుకు పోయాడు.

నాది ఒకటే కొలత. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. మాట మధ్యలో తెగితే గేరు తగ్గించాలి, గుంపు పోతే పోనీ. గుండె కొట్టుకునే లెక్క చూపించే గడియారాలు మంచివే, కాదనను. కానీ తెల్లారుజామున ఉత్సాహంలో ఆ అంకెను చూసి కూడా చూడనట్టు పోయేవాళ్లే ఎక్కువ.

కొట్రా దగ్గర టిఫిన్. అద్దాల తలుపుల పెద్ద హోటలుంది, దాని ఎదురుగా ఇడ్లీ బండి ఉంది. కార్లలో వచ్చినవాళ్లకు పెద్ద హోటలే బాగుంటుంది, బాత్‌రూములు శుభ్రం. సైకిల్ వాళ్లకు మాత్రం బండే మేలు. సైకిల్ కళ్లముందే ఉంటుంది, ప్లేటు రెండు నిమిషాల్లో చేతికొస్తుంది, కడుపులో బరువుండదు. మావాళ్లు కొందరు లోపలికెళ్లి నెయ్యి దోసెలు చెప్పి ముప్పావుగంట కూర్చున్నారు. ఆ ముప్పావుగంటను పూడ్చుకోవడానికి వంగూరు గేటు దాకా ఎగబడి తొక్కారు. వేగమంటే ఇక్కడే లెక్క తప్పుతుంది. తొక్కేటప్పుడు గంటకు రెండు కిలోమీటర్లు ఎక్కువ కొట్టడం కంటే, ఆగిన చోట పది నిమిషాలు మిగుల్చుకోవడం కాళ్లకు చాలా చవక.

దిండి కంట్రోల్ దగ్గర వాలంటీర్లకు నూటికి నూరు మార్కులు. ముద్ర, నీళ్లు, అరటిపండ్లు, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డలు. ఒక మెకానిక్ ప్రతి సైకిల్ బ్రేకు ప్యాడ్లూ చూసి, అరిగినవి అక్కడికక్కడే మార్చాడు. ఘాట్ ముందు ఈ పని చేయాలని తట్టినవాడెవడో గానీ చేతులెత్తి మొక్కాలి. ఆ పూట ప్యాడ్లు మార్పించుకున్నవాళ్లలో ఇద్దరికి అవి అరిగాయనే తెలియదు.

హాజీపూర్ చౌరస్తాలో అచ్చంపేట దారి విడిపోయాక రోడ్డు పైకి చూడటం మొదలెడుతుంది. ఉమామహేశ్వరం గుట్టలు పక్కన కనిపిస్తుంటే మన్ననూరు. ఇక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు, ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వు, విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్ల పైనే. వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, అందుకని గట్టి సీసాలు రెండు సైకిల్‌కే బిగించుకుని రావాలి. ఇక్కడినుంచి దోమలపెంట దాకా సుమారు 50 కిలోమీటర్లు అడవే. ఫోను సిగ్నల్ వస్తుంది, పోతుంది, ఎక్కువగా పోతుంది. వటవర్లపల్లి వచ్చేదాకా తినడానికి, తాగడానికి కావాల్సింది మన్ననూరులోనే సర్దుకోవాలి.

నేను ఇక్కడే ఎక్కువసేపు ఆగాను. ఆకలి లేకపోయినా పెరుగన్నం తిన్నాను. ఒక సీసాలో మామూలు నీళ్లు, ఇంకో సీసాలో ఓఆర్‌ఎస్. ఆ ప్యాకెట్టు లీటరు నీళ్లకని రాసి ఉంటుంది, అరలీటరు సీసాలో మొత్తం కుమ్మరించి కడుపు తిప్పుతోందనేవాళ్లను ప్రతి రైడ్‌లోనూ చూస్తాను. జేబులో పల్లీపట్టీలు, ఎండు ఖర్జూరాలు. ముప్పావుగంటకోసారి ఏదో ఒకటి నోట్లో పడాలి. ఆకలయ్యాక తింటే ఆలస్యమైనట్టే.

మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు ఎక్కుడు భయపెట్టేంత నిటారు కాదు. పొడుగు, అదీ సంగతి. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది వేసుకుని, కూర్చునే తిప్పుకుంటూ పోవాలి. లేచి నిలబడి తొక్కితే రెండు నిమిషాలు వీరత్వం, ఆ తర్వాత తొడలు బిగుస్తాయి. పొద్దున నన్ను దాటిపోయినవాళ్లు ఒక్కొక్కరే ఇక్కడ తగిలారు. కొందరు సైకిల్ నడిపించుకుంటూ, కొందరు కల్వర్టు గోడ మీద కూర్చుని. మా ఇంజనీరింగ్ తమ్ముడు రోడ్డు పక్క మద్దిచెట్టు కింద పిక్క పట్టుకుని దొర్లుతున్నాడు. మూడింటి దర్శనం మాట నేనెత్తలేదు. ఖర్జూరాలిచ్చి, ఓఆర్‌ఎస్ సగం తాగించి, పాదాన్ని మోకాలి వైపు వంచి పట్టుకున్నాను. కాసేపటికి లేచాడు.

ఇక కోతులు. కార్లవాళ్లు పండ్లు విసిరి విసిరి వాటికి రోడ్డే అంగడి చేశారు. వేయొద్దని బోర్డులున్నాయి, చదివేవాడేడి? ఒకావిడ సైకిల్ స్టాండు వేసి రెండడుగులు పక్కకు పోయిందో లేదో, ఒక ముదురు కోతి హ్యాండిల్ సంచి మీదకెక్కి, జిప్పు కొస పళ్లతో పట్టి, తల పక్కకు తిప్పి సర్రున లాగింది. చింపలేదు, తడబడలేదు. లోపల చెయ్యి పెట్టి ఫోనును పక్కకు నెట్టి, అరటిపండు తీసుకుని చెట్టెక్కింది. ఆమె అరవడం కూడా మరిచిపోయింది. జెర్సీ వెనక జేబులో పండు బయటికి కనబడేలా పెట్టుకోకండి.

వటవర్లపల్లిలో చిన్న హోటళ్లున్నాయి. అన్నం, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ. వేడిగా ఉంటుంది, వేచి ఉండక్కర్లేదు, నాకు దారి మొత్తంలో బాగా నచ్చిన భోజనం ఇదే. మజ్జిగలో ఉప్పు ఇంకొంచెం వేయమ్మా అంటే హోటలామె నా భుజం వైపు చూసి, "గా తెల్లగేంది బిడ్డా, సున్నం అంటిందా?" అంది. నల్ల జెర్సీ మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది. చెమటేనమ్మా అన్నాను. నమ్మలేదు, వేలితో గీకి చూసింది. తర్వాత అడక్కుండానే రెండో గ్లాసు తెచ్చిపెట్టింది. మల్లెల తీర్థం జలపాతానికి దారి ఈ ఊరినుంచే. సైకిల్ రోజున దాని జోలికి పోకండి, మరో రోజు కారులో రండి.

దోమలపెంట, ఈగలపెంట దాటాక చాలామంది అయిపోయిందనుకుంటారు. రోడ్డు ఒక్కసారిగా కృష్ణ వైపు దిగుతుంది, కింద డ్యాం కనిపిస్తుంది, గాలి చెవుల్లో హోరుమంటుంది. జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. మలుపులు వెనక్కి తిరిగి తమనే చూసుకునేలా ఉంటాయి, ఆర్టీసీ బస్సు మలుపు తిరిగితే రోడ్డంతా దానిదే. బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. పట్టుకుని ఉంచేయకుండా పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. చక్రం అంచును పట్టే రిమ్ము బ్రేకులైతే మధ్యలో ఒకసారి ఆగి రిమ్ముకు చల్లారే టైమివ్వాలి. నడుము, అరచేతులు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి వేళ్లు చెప్పిన మాట వినవు. నేను మధ్యలో దిగి చేతులు విదిలించుకున్నాను. తొందరగా దిగి మిగుల్చుకునేది ఐదు నిమిషాలు, పడితే పోయేది రైడ్ ఒక్కటే కాదు.

లింగాలగట్టు దగ్గర చేపల వేపుడు వాసన పట్టి ఆపుతుంది. ఆగకండి, కనీసం పోయేటప్పుడు. ఎందుకంటే ఎదురుగా సున్నిపెంట మీదుగా శ్రీశైలం ఎక్కుడుంది. దిగిన ఎత్తంతా మళ్లీ ఎక్కించినట్టుంటుంది, అప్పటికి కాళ్లలో రోజంతా ఉంది. పొద్దున కడ్తాల్‌లో నేను దాచుకున్నదంతా ఇక్కడే ఖర్చయింది. పొద్దు వాలేలోపు, గడువుకు ఇంకా టైము ఉండగానే ఊళ్లోకి వచ్చాను. తమ్ముడు గడువుకు కొద్ది నిమిషాల ముందు వచ్చాడు, మొఖం వెలిగిపోతూ.

బస సంగతి. శని, ఆది, సోమవారాల్లో శ్రీశైలంలో గది దొరకడం కష్టం, శివరాత్రి, కార్తీకమైతే అడగనే వద్దు. దేవస్థానం వారి గంగాసదన్, గౌరీసదన్ లాంటి వాటికి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. కులసంఘాల సత్రాలు చాలా ఉన్నాయి, వాటిలో భోజనం బాగుంటుంది, పెందలాడే తిని పెందలాడే పడుకోవచ్చు. నిర్వాహకులు మాకు ఇప్పించింది ఒక ప్రైవేటు లాడ్జి. పరుపులు శుభ్రమే, కానీ సైకిళ్లు గదిలోకి తేవొద్దన్నారు. బైకుల మధ్య తాళాలేసి పెట్టాల్సొచ్చింది. వేడినీళ్లు పొద్దున మాత్రమేనట, సాయంత్రం ఉప్పు పట్టిన ఒళ్లతో వచ్చినవాళ్లు చన్నీళ్లతోనే సరిపెట్టుకున్నారు. నేను సత్రంలో ముందే చెప్పుకున్నాను, కింది అంతస్తు, సైకిల్ మంచం పక్కనే. మీరు గది అడిగేటప్పుడు ఏసీ ఉందా అని తర్వాత అడగండి, కింది అంతస్తేనా అని ముందడగండి. ఆ కాళ్లతో మెట్లు దిగడం ఘాట్ కంటే కష్టం.

ఆదివారం 4 గంటలకే బయల్దేరాలని ముందు ప్రకటించారు. దోమలపెంట చెక్‌పోస్టు 6కు గానీ తెరవరు, చీకట్లో ఘాట్ దిగి, మళ్లీ ఎక్కి, అక్కడ చలిలో నిలబడి ఏం చేయాలి? కొందరం అడిగితే 5కు మార్చారు. ఇంకో అరగంట ఆలస్యమైనా నష్టం లేదు. వెనక్కి వచ్చేటప్పుడు అడవి అందంగా, తేలికగా గడిచింది. ఫరహాబాద్ నుంచి మన్ననూరుకు దిగుడే. కానీ దిండి దాటాక నిన్నటి గాలి ఎదురొచ్చింది, పైగా ఎండ. గంటకు 17, 18 దాటలేదు. ఇక్కడ గుంపు కావాలి. నలుగురైదుగురు వరుసలో పోతూ రెండేసి నిమిషాలు ముందుండి గాలిని కాచి పక్కకు తప్పుకుంటే ఎవరికీ భారం పడదు. మైసిగండి మైసమ్మ దగ్గర ఆదివారం జాతరే జాతర. ట్రాక్టర్లు, ఆటోలు, మేకలు, డప్పులు. అక్కడ సైకిల్ దిగి నడవడమే తెలివి.

చివర్లో నిర్వాహకులు అభిప్రాయం రాయమని కాగితమిచ్చారు. మెకానిక్కును, దిండి వాలంటీర్లను మెచ్చుకున్నాను. రైడ్ వెనక వచ్చే సాయం బండి మొత్తం ఆఖరివాళ్లతోనే ఉండిపోయి, సున్నిపెంట ఎక్కుడు మీద నడుస్తున్నవాళ్లకు నీళ్లిచ్చే దిక్కు లేదని రాశాను. అక్కడ ఒక మనిషి, రెండు నీళ్ల డబ్బాలు ఉంటే చాలు. ఇంకొకటి కూడా రాశాను. వచ్చేసారి మొదటి కంట్రోల్‌ను దిండిలో కాకుండా ఆమనగల్లులో పెట్టండి, బ్రెవేలో లాగా దానికి తెరిచే టైము కూడా ఉండాలి, తొందరగా వచ్చినవాడు అక్కడ నిలబడాలి. కాగితం తీసుకున్న వాలంటీరు చదివి, "అట్ల పెడితే పిల్లలు తిడతరన్నా" అన్నాడు. మధ్యాహ్నం మన్ననూరు ఎక్కుడు మీద వాళ్లే దండం పెడతారని చెప్పాను. ఆలోచిస్తామన్నారు.