డీన్ 60, క్యామ్సెల్ 59: ఎవరిది గొప్ప?

2022-23లో ఎర్లింగ్ హాలండ్ 36 గోల్స్ కొట్టి ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై స్థాయి అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక సీజన్ గోల్స్ రికార్డు తిరగరాశాడు. అప్పటి నుంచి ఆ మాట ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు "1927-28లో ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ ఒక్క సీజన్‌లో 60 కొట్టాడు తెలుసా" అంటారు. వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "దానికి ముందు ఏడాదే మిడిల్స్‌బ్రో ఆటగాడు జార్జ్ క్యామ్సెల్ 59 కొట్టాడు. ఒక్క గోల్ తేడాకి ఒకరికి అంత పేరు, ఇంకొకరి పేరే ఎవరికీ తెలియకపోవడమా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. సూటిగా చెప్పాలంటే తేడా ఒక్క గోల్ కాదు, చాలా పెద్దది. అయితే క్యామ్సెల్‌కి అన్యాయం జరిగిన మాట కూడా నిజమే, కాకపోతే జనం అనుకునే చోట కాదు.

ముందు ఒక వాదన తీసి పక్కన పెడదాం. "1925లో ఆఫ్‌సైడ్ నిబంధన (గోల్ దగ్గర కాపు కాసి పాస్ అందుకోకుండా దాడి చేసేవాళ్లని అడ్డుకునేది) సడలించారు, ఆ రోజుల్లో గోల్స్ చవగ్గా వచ్చేవి" అంటారు. నిజమే, 1924-25లో ఇంగ్లిష్ లీగ్ నాలుగు డివిజన్లలో కలిపి 4,700 గోల్స్ పడితే, మరుసటి ఏడాది అవి 6,373 అయ్యాయి. కానీ ఆ చవక ఇద్దరికీ ఒకటే. క్యామ్సెల్‌కి 1926-27లో, డీన్‌కి 1927-28లో అదే నిబంధన, ఇంకా తేరుకోని డిఫెండర్లు.

నా దృష్టిలో తేల్చేది డివిజన్. క్యామ్సెల్ 59 గోల్స్ రెండో డివిజన్‌లోవి, మిడిల్స్‌బ్రో తరఫున 37 మ్యాచ్‌ల్లో. డీన్ 60 అప్పట్లో అన్నిటికన్నా పైదైన మొదటి డివిజన్‌లోవి, ఎవర్టన్ తరఫున 39 మ్యాచ్‌ల్లో. రంజీ ట్రోఫీ పరుగులనీ టెస్ట్ పరుగులనీ మనం ఒకే కాటాలో వేస్తామా?

"అది ఊహే కదా, క్యామ్సెల్ పైన ఆడినా అన్నే కొట్టేవాడేమో" అనొచ్చు. ఊహించాల్సిన పని లేదు, ఆడి చూశాడు. ఆ 59 పుణ్యమా అని మిడిల్స్‌బ్రో రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చింది. 1927-28లో ఇద్దరూ ఒకే డివిజన్‌లో, అవే జట్ల మీద ఆడారు. డీన్ 60, క్యామ్సెల్ 33.

ఇక్కడ క్యామ్సెల్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఎవర్టన్ ఆ ఏడాది చాంపియన్. మిడిల్స్‌బ్రో 81 గోల్స్ కొట్టి కూడా అట్టడుగున నిలిచి మళ్లీ కింది డివిజన్‌కి పోయింది. మునిగిపోయే జట్టులో 33 అంటే మాటలు కాదు. కానీ ఎవర్టన్ మొత్తం గోల్స్ 102, అందులో డీన్‌వే 60. అంటే జట్టు డీన్‌ని మోసిందనడం కన్నా డీన్ జట్టుని మోశాడనడమే సబబు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. 1930లో ఎవర్టన్ కూడా కింది డివిజన్‌కి జారింది. 1930-31లో డీన్ అక్కడ 37 మ్యాచ్‌లు ఆడాడు, సరిగ్గా క్యామ్సెల్ ఆడినన్నే. కొట్టింది 39. క్యామ్సెల్ అభిమానులు ఎందుకో ఈ లెక్క ఎత్తరు, నేను వాళ్ల పక్షమైతే మొదట ఇదే తీసేవాణ్ణి. ఆ ఏడాది ఎవర్టన్ 121 గోల్స్ కొట్టింది, పక్కవాళ్లూ పంచుకున్నారు అని డీన్ తరఫున జవాబు ఉంది. కానీ క్యామ్సెల్ 59 కొట్టిన ఏడాది మిడిల్స్‌బ్రో కొట్టింది 122, కాబట్టి ఆ జవాబుకి పెద్ద బలం లేదు. రెండో డివిజన్ వరకు గెలుపు క్యామ్సెల్‌దే, ఒప్పుకోవాలి. ఇద్దరిలో ఎవరు ఎక్కడ మెరిశారో దీన్నిబట్టే తెలుస్తుంది. నేను మాత్రం గట్టి పోటీ ఉన్నచోట మెరిసినవాడివైపే మొగ్గుతాను.

పైగా డీన్ ఆ 60 కొట్టింది ఎలాంటి పరిస్థితిలో? 1926 జూన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పుర్రె, దవడ విరిగాయి. ఇక ఆడటం కష్టమన్నారు. అక్టోబర్‌కల్లా మళ్లీ మైదానంలో ఉన్నాడు. అప్పటి బంతి తోలుది, పైన తాడుతో బిగించేవాళ్లు, వానలో తడిస్తే బరువెక్కేది. దాన్ని ఆ తలతోనే గోల్‌లోకి కొడుతూ, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపే రికార్డు పెట్టాడు. క్యామ్సెల్ 59ని దాటడానికి చివరి రెండు మ్యాచ్‌ల్లో ఏడు గోల్స్ కావాల్సి వస్తే బర్న్లీ మీద నాలుగు, 1928 మే 5న ఎవర్టన్ సొంత మైదానం గుడిసన్ పార్క్‌లో ఆర్సెనల్ మీద మూడు కొట్టాడు. అరవయ్యోది సహచరుడు అలెక్ ట్రూప్ కార్నర్ కిక్‌ని తలతో కొట్టింది. మ్యాచ్ 3-3తో డ్రా అయితే అయింది, టైటిల్ అప్పటికే ఎవర్టన్ చేతిలో ఉంది. అయినా ముందు ఏడాది క్యామ్సెల్ 59 పెట్టకపోతే డీన్ లక్ష్యం వేరేగా ఉండేది. అంతకు ముందు మొదటి డివిజన్‌లో అత్యధికం బ్లాక్‌బర్న్ ఆటగాడు టెడ్ హార్పర్ 43 మాత్రమే. డీన్‌ని 60 దాకా పరుగెత్తించింది క్యామ్సెలే.

ట్రోఫీలు లెక్కించే వాళ్లకి డీన్ రెండు లీగ్ టైటిళ్లు, 1933 ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ) సరిపోతాయి. క్యామ్సెల్‌కి దక్కినవి రెండో డివిజన్ టైటిళ్లు రెండే. నేను వాటిని పెద్దగా పట్టించుకోను, ట్రోఫీ జట్టుది.

మిగతా పేర్లు కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తా. ఆస్టన్ విల్లా ఆటగాడు పాంగో వేరింగ్ 1930-31లో 49 కొట్టాడు, మొదటి డివిజన్‌లోనే, కాబట్టి నిజానికి అది క్యామ్సెల్ 59కి దగ్గరి విలువే. 1936-37లో మాన్స్‌ఫీల్డ్ ఆటగాడు టెడ్ హార్స్టన్, లూటన్ ఆటగాడు జో పేన్ చెరో 55 కొట్టారు గానీ అవి మూడో డివిజన్‌లో.

ఇక క్యామ్సెల్‌కి నిజంగా అన్యాయం జరిగింది ఇంగ్లండ్ జట్టులో. ఇద్దరూ దేశానికి కొట్టినవి చెరి 18 గోల్స్. డీన్‌కి 16 మ్యాచ్‌లు పట్టాయి, క్యామ్సెల్‌కి తొమ్మిది. ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టాడు. "బెల్జియం, ఫ్రాన్స్‌ల మీద కొట్టాడులే" అని తీసిపారేస్తారు, ఆ లెక్క కూడా చూద్దాం. బ్రిటన్, ఐర్లండ్ బయటి యూరప్ దేశాల మీద ఇద్దరూ చెరి ఆరు మ్యాచ్‌లు ఆడారు. డీన్ 13, క్యామ్సెల్ 12, దాదాపు సమానం. తేడా వచ్చింది స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్‌ల మీద. డీన్ పది మ్యాచ్‌ల్లో ఐదు, క్యామ్సెల్ మూడింట్లో ఆరు. డీన్ మొదటి ఐదు మ్యాచ్‌ల్లో 12 కొట్టి, తర్వాతి పదకొండింట్లో ఆరే కొట్టాడు. క్యామ్సెల్ 1929 నవంబర్‌లో వేల్స్ మీద హ్యాట్రిక్ కొట్టాక 1933 డిసెంబర్ దాకా ఇంగ్లండ్‌కి ఆడలేదు. అప్పట్లో మేనేజర్ లేడు, జట్టుని ఎంపిక చేసేది కమిటీ. ఇన్నాళ్లకి పిలిస్తే ఫ్రాన్స్ మీద రెండు కొట్టాడు, 1935లో జర్మనీ మీద ఇంకో రెండు.

కాబట్టి మొత్తం లీగ్ సీజన్‌కి సెంటర్ ఫార్వర్డ్ (ముందు వరసలో గోల్స్ కొట్టే ప్రధాన ఆటగాడు) కావాలంటే నేను డీన్‌నే తీసుకుంటా, రెండో ఆలోచన లేదు. మర్నాడు స్కాట్లండ్‌తో ఒక్క మ్యాచ్ ఉందంటే మాత్రం క్యామ్సెల్‌కి కబురు పంపుతా.