గ్లుష్కోవ్‌లా ఎన్‌బీఏకి వెళ్లడం మేలా, ఆస్కార్‌లా వద్దనడం మేలా?

1986లో ఇటలీలోని కసెర్తా బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరు విదేశీ ఆటగాళ్లు కలిశారు. బల్గేరియాకి చెందిన గియోర్గి గ్లుష్కోవ్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క సీజన్ ఆడి వచ్చాడు. బ్రెజిల్ స్టార్ ఆస్కార్ ష్మిట్‌నేమో 1984లో ఎన్‌బీఏ జట్టు న్యూజెర్సీ నెట్స్ డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకున్నా, రానని చెప్పేశాడు. ఎందుకంటే అప్పట్లో ఎన్‌బీఏలో ఆడినవాళ్లని జాతీయ జట్టుకి ఆడనిచ్చేవాళ్లు కాదు.

అంకెలు చూస్తే గ్లుష్కోవ్‌కి పెద్దగా ఏమీ మిగల్లేదు అనిపిస్తుంది. 1985 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌లో, 148వ పేరుగా ఫీనిక్స్ సన్స్ తీసుకుంది. 49 మ్యాచ్‌లు, సగటున 4.9 పాయింట్లు, 3.3 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), అంతే. కమ్యూనిస్టు దేశం నుంచి దుభాషిని వెంటబెట్టుకుని వెళ్లినవాడు, మ్యాచ్‌కి పదహారు నిమిషాల్లోపే ఆడే అవకాశం, ఇంతకన్నా ఏం చేస్తాడు చెప్పండి? కానీ సోవియట్ యూనియన్ వైపున్న తూర్పు కూటమి దేశాల నుంచి ఎన్‌బీఏలో ఆడిన మొదటి మనిషి అతనే, ఆ పేరు ఇంకెవరికీ రాదు.

ఆస్కార్ సంగతికొస్తే, వద్దన్నందుకు దక్కింది చాలానే ఉంది. 1987లో ఇండియానాపోలిస్‌లో పాన్ అమెరికన్ గేమ్స్ (అమెరికా ఖండాల దేశాల క్రీడలు) ఫైనల్, అమెరికాని వాళ్ల గడ్డ మీదే 120-115తో బ్రెజిల్ ఓడించింది, అందులో 46 పాయింట్లు ఇతనివే. నెట్స్‌కి వెళ్లి ఉంటే ఆ రోజు టీవీలో చూస్తూ కూర్చునేవాడు. ఐదు ఒలింపిక్స్ ఆడాడు, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడకుండానే 2013లో అమెరికాలోని బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా) చేరాడు.

అయితే ఆస్కార్‌దే తెలివైన నిర్ణయం, గ్లుష్కోవ్ తొందరపడ్డాడు అంటే మాత్రం నేనొప్పుకోను. ఆస్కార్ 1982 నుంచే ఇటలీలో స్టార్, చేతిలో అంత మంచి ఉద్యోగం ఉన్నవాడికి వద్దనడం తేలికే. బల్గేరియా పురుషుల జట్టేమో 1968 తర్వాత ఒలింపిక్స్ ముఖమే చూడలేదు, కాబట్టి గ్లుష్కోవ్ వదులుకున్నది తక్కువ. పైగా 1985లో ఆ దేశంలో ఉన్న ఆటగాడికి బయటికి వెళ్లనిస్తామన్నప్పుడే వెళ్లాలి, మళ్లీ అనుమతి ఎప్పుడిస్తారో ఎవరికి తెలుసు?

ఆట వరకు చూస్తే నాకు మాత్రం ఫీనిక్స్ కన్నా కసెర్తా గ్లుష్కోవే ఇష్టం. ఇద్దరూ కలిసి 1988లో ఇటాలియన్ కప్ గెలిచారు, 1989లో ఏథెన్స్‌లో యూరప్ క్లబ్బుల కప్ విన్నర్స్ కప్ ఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ రియల్ మాడ్రిడ్ తరఫున డ్రాజెన్ పెట్రోవిచ్ ఏకంగా 62 పాయింట్లు కొట్టి 117-113తో కప్పు లాక్కుపోయాడనుకోండి. ఆ తర్వాత కొన్ని వారాలకే ఎన్‌బీఏ వాళ్లు దేశానికి ఆడకూడదన్న పాత నిబంధన ఎత్తేశారు. పెట్రోవిచ్ అదే ఏడాది ఎన్‌బీఏ జట్టు పోర్ట్‌లాండ్‌కి వెళ్లాడు, దేశానికీ ఆడాడు, అతనికి ఈ టెన్షనే లేకుండా పోయింది.