రొమ్ము క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్): 25 సిట్టింగులా, 15 సిట్టింగులా?

ఆపరేషన్ తర్వాత పాత పద్ధతిలో రోజుకి 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చొప్పున 25 సిట్టింగులు, మొత్తం 50 గ్రే. రెండోదాంట్లో 2.67 చొప్పున 15, మొత్తం 40. రోజు డోసు పెరిగితే మంటా ఎక్కువేనని చాలామంది భయం. నిజానికి చర్మం కమలడం రెండోదాంట్లోనే తక్కువ. జబ్బు అదుపులో తేడా లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖకి వంద కిలోమీటర్ల పైమాటే. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ బస్సెక్కేవాళ్లకి రెండు వారాలు మిగలడమంటే మాటలా! రొమ్ము పునర్నిర్మాణం చేయించుకున్నవాళ్లకి మాత్రం కొందరు డాక్టర్లు 25కే మొగ్గుతారు.

ఏదైనా సరే, చంకలో, రొమ్ము కింది మడతలో చర్మం నల్లబడి పొట్టు రేగుతుంది. చివరి సిట్టింగు అయ్యాక వారం పదిరోజులకి ఇంకాస్త ముదిరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. వదులు నూలు జాకెట్టే వేసుకోవాలి. పసుపు పూయొద్దు, కరెంటు కోసం చర్మం మీద గీసిన గుర్తుగీతలు రుద్దొద్దు. పుండై నీరుకారితే ఆగకుండా చూపించుకోవాలి.