గుంటూరు నుంచి మసాయి మారా దాకా: సఫారీకి ముందు ఏర్పాట్లు, చూసిన చోట్లు, దిగిన బసలు

మా బావగారు విజయవాడలోని ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర నుంచి మొదట తెచ్చిన పట్టికలో తొమ్మిది రాత్రులకు కెన్యాలో ఆరు చోట్లు ఉన్నాయి: అంబోసెలి, త్సావో, నైవాషా, నకూరు, మసాయి మారా, చివరగా మొంబాసా సముద్రతీరం. కాగితం మీద చూడముచ్చటగానే ఉంది కాని, కెన్యా పటం ముందు పెట్టుకొని ఒక చోటి నుంచి మరొక చోటికి రోడ్డు ప్రయాణం ఎంతసేపో లెక్క వేస్తే, పగటి వేళలో సగానికి పైగా జంతువులు కనబడని రహదారుల మీదనే గడిచిపోతుందని తేలింది. సింహం, చిరుతపులి వంటివి చురుకుగా తిరిగేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలేటప్పుడు. రోజుకొక ఊరు మారేవాడికి సరిగ్గా ఆ రెండు వేళలే పెట్టెలు సర్దడానికి, గది తాళాలు పుచ్చుకోవడానికి పోతాయి. కాలికి బలపం కట్టుకొని తిరగడానికి ఇంత డబ్బు పెట్టి ఆఫ్రికా దాకా వెళ్లనక్కరలేదు. అందుకని త్సావో, నకూరు, మొంబాసా కొట్టివేసి, అంబోసెలికి రెండు రాత్రులు, నడుమ విశ్రాంతి కోసం నైవాషాకు ఒకటి, మసాయి మారాకు నాలుగు, రాకపోకలకు నైరోబీలో రెండు ఉంచుకొన్నాము. వెళ్లింది నలుగురం: మేమిద్దరం, మా అక్క, బావగారు. సమయం దసరా సెలవులు.

ఏర్పాట్లలో అన్నిటికన్నా ముందు పెట్టుకోవలసింది ఎల్లో ఫీవర్ టీకా. ఆ వ్యాధి ఉన్న దేశాల జాబితాలో కెన్యా ఉన్నందువల్ల, అక్కడి నుంచి తిరిగి వచ్చేవారు టీకా ధ్రువపత్రం చూపలేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకొన్న 10 రోజులకు గాని ఆ పత్రం చెల్లుబాటులోకి రాదు కాబట్టి, చివరి వారంలో చూసుకొందామంటే కుదరదు. ఇది వీధిలోని ఆసుపత్రిలో దొరికేది కాదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రానికే వెళ్లాలి. మేము ముందుగా ఫోను చేసి, వేసే రోజు కనుక్కొని, ఒరిజినల్ పాస్‌పోర్టులతో హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లి వచ్చాము. సజీవ వైరస్‌తో చేసే టీకా కాబట్టి 60 ఏళ్లు దాటినవారి విషయంలో వైద్యులు ఆలోచించి గాని వేయరు. బావగారికి 64. గుంటూరులో ఆయనను ఎప్పుడూ చూసే డాక్టరు గారితో ఆరోగ్య వివరాలు రాయించి తీసుకువెళ్లడం వల్ల రెండోసారి తిరగవలసిన పని తప్పింది. 2016 నుంచి ఈ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది కనుక ఆ పసుపుపచ్చ పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటే దాచుకోవాలి.

మిగతా కాగితాలు అంత కష్టపెట్టలేదు. 2024 జనవరి నుంచి కెన్యా వీసాకు బదులు ఇ-టి-ఎ అనే ఎలక్ట్రానిక్ అనుమతి ఇస్తున్నది. విమాన టికెట్లు, బస వివరాలు, ఫోటో సిద్ధంగా ఉంటే ఇంటి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మలేరియా మందును మాత్రం వైద్యుని అడిగే ఎంచుకోవాలి. మాకు రాసిన అటోవాక్వోన్-ప్రోగ్వానిల్‌ను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక 7 రోజులు వాడాలి. చౌకగా దొరికే డాక్సీసైక్లిన్‌ను అయితే వచ్చాక 4 వారాలు మింగాలి. బీమా తీసుకొనేటప్పుడు అడవి నుంచి నైరోబీ ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు అందులో ఉన్నదో లేదో చదివి చూసుకోవాలి. డాలర్ల విషయంలో ఒక చిన్న చికాకు ఎదురైంది. విజయవాడలో మేము మార్చుకొన్న కట్టలో పాత ముద్రణ నోట్లు కొన్ని వచ్చాయి. కెన్యాలో పాతవి, చిరిగినవి, గీతలు పడినవి తీసుకోరని ముందే విని ఉండడంతో అక్కడికక్కడే నిలబడి మార్పించుకొన్నాము, ఆ కౌంటరులోని అబ్బాయి ముఖం ముడుచుకొన్నా సరే.

సామాను దగ్గర మా అంచనాలు చాలా తప్పాయి. భూమధ్యరేఖ అనగానే మండే ఎండ అనుకొని నూలు చొక్కాలే సర్దుకొన్నాము; నైరోబీయే సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, మారా కూడా 1,500 మీటర్లకు తక్కువ కాదు. గుంటూరు వేసవికి అలవాటు పడిన ఒళ్లు, పైకప్పు తెరిచిన బండిలో ఉదయం ఆరు గంటల గాలికి గజగజ వణికిపోయింది. మా అక్క తెచ్చిన ఒక్క శాలువనూ నలుగురం వంతులు వేసుకొన్నాము. స్వెట్టరు, టోపీ, పైన విప్పి తీసేయగల ఒక కోటు తప్పనిసరి. అక్కడి కుట్టే త్సేత్సే ఈగలు ముదురు నీలం, నలుపు రంగులకు ఆకర్షితమవుతాయి కనుక మట్టి రంగు బట్టలు మేలు. సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలు మాత్రం వద్దు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, 2020 జూన్ నుంచి అభయారణ్యాలలోకి ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకుపోరాదు. అందుచేత ఆవకాయను స్టీలు డబ్బాలో, మిగతావి గుడ్డ సంచుల్లో సర్ది, మనిషికొక స్టీలు సీసా పట్టుకువెళ్లాము. అక్కడి ప్లగ్గులకు మూడు చదరపు పుల్లలు ఉంటాయి. మన పిన్నులు పట్టవు, అడాప్టరు కావాలి.

బైనాక్యులర్లు ఇద్దరికి ఒకటి అనే పొదుపు పనికిరాదు. సింహం తల గడ్డిలో నుంచి పైకి లేచేది పది సెకన్లు. పక్కవారి చేతిలో నుంచి అందుకొనేసరికి గడ్డి తప్ప ఏమీ మిగలదు. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, 42 మి.మీ. అద్దాలున్న 8×42 రకం బరువు, వెలుతురు రెండింటికీ సరిపోయింది. వెళ్లే ముందు రెండు ఆదివారాలు గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువుకు వెళ్లి, పెలికాన్ల మీద, ఎర్రకాళ్ల కొంగల మీద ఫోకస్ తిప్పడం సాధన చేశాము. కెమెరాకు స్టాండు బదులు పాత జీన్సు కాలును కత్తిరించి, ఒక పక్క కుట్టి, రెండో పక్క జిప్పు పెట్టించి సంచి చేయించాను. ఖాళీగా తీసుకువెళ్లి నరోక్ పట్టణంలో రెండు కిలోల బియ్యం కొని నింపితే, బండి అంచు మీద లెన్సు కదలకుండా కూర్చుంది. చివరి రోజున ఆ బియ్యాన్ని క్యాంపు వంటమనిషికి ఇచ్చేశాను.

ఇక ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది. గది సొగసుల మీద తగ్గించి, బండి మీద, గైడు మీద పెట్టాలని నా అభిప్రాయం. తక్కువ ధరలో వచ్చే వ్యాన్లలో ఆరేడుగురిని కూర్చోబెడతారు. నాలుగు చక్రాలకూ పట్టు ఉండే ల్యాండ్ క్రూయిజర్‌లో మేము నలుగురమే ఉన్నందువల్ల అందరికీ కిటికీ దొరికింది. రాత్రి వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలో వ్యాన్లు దిగబడి ఉండగా పక్కనుంచి వెళ్లిపోయినప్పుడు ఆ తేడా తెలిసింది. కెన్యాలో సఫారీ గైడుల సంఘం పరీక్షలు పెట్టి కంచు, వెండి, బంగారు స్థాయిలు ఇస్తుంది. మీ గైడుది ఏ స్థాయి అని బుకింగు నాడే అడగవచ్చునని మాకు తరువాత తెలిసింది.

అంబోసెలి సుమారు 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు. కిలిమంజారో కొండ మీది నీరు భూమిలోకి ఇంకి ఇక్కడి చిత్తడి నేలల్లో ఊటగా పైకి వస్తుంది కనుక, ఎండాకాలంలోనూ ఏనుగుల గుంపులు కడుపులోతు నీళ్లలో నిలబడి మేస్తూ కనబడతాయి. 5,895 మీటర్ల ఆ కొండ ఉన్నది టాంజానియాలో, అది నిండుగా కనబడేది ఇటు నుంచి. అయితే పొద్దెక్కితే మబ్బు కమ్ముతుంది కనుక ఉదయం ఏడు దాటకముందే చూడాలి. బూడిదలాంటి దుమ్ము మాత్రం అంతా ఇంతా కాదు. ఇంటి నుంచి తెచ్చిన నూలు తువ్వాలు తడిపి ముఖానికి చుట్టుకొంటే, మాస్కుల కన్నా బాగా పనిచేసింది. బస పార్కు గేటుకు దగ్గరగా, శుభ్రంగా ఉంది. శాకాహారం అడిగితే చపాతీ, పప్పు, సుకుమ వికి అనే ఆకుకూర వేపుడు పెట్టారు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి మన సంకటికి చెల్లెలు. ఆవకాయతో దాని రుచి మారిపోయింది. రెండు రాత్రులు చాలు.

నైవాషా సరస్సులో గంటసేపు పడవ మీద నీటి గుర్రాలను చూడడం బాగుంది, అంతకు మించి చెప్పుకోదగ్గది లేదు.

మసాయి మారాలో మొదటి రెండు రాత్రులు రిజర్వు గేటు బయట డేరాల క్యాంపులో, తరువాతి రెండు పక్కనే, మసాయి కుటుంబాల భూమిలో ఉన్న కన్సర్వెన్సీ అనే అభయారణ్యంలో గడిపాము. రిజర్వు ప్రవేశ రుసుము విదేశీయులకు జులై నుంచి డిసెంబరు వరకు మనిషికి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ వరకు 100. అది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. మా పట్టికలో మొదటి రోజు మధ్యాహ్నం మూడున్నరకు గేటు చేరి సాయంత్రం సఫారీ అని రాసి ఉంది. అంటే రెండున్నర గంటల కోసం నలుగురికి 800 డాలర్లు! ఈ మాట ఏజెంటు చెప్పలేదు, గైడు చెప్పాడు. ఆ సాయంత్రం లోపలికి వెళ్లకుండా క్యాంపు దగ్గరే ఉండి, మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లి సాయంత్రం 6 దాకా తిరిగాము. గేటు బయట ఉండేవారు మొదటి రోజు చేరే వేళను ఈ లెక్కతో చూసుకోవాలి.

వైల్డ్‌బీస్ట్‌లనే పెద్ద జింకల మందలు నది దాటడం చూద్దామని ఆ రోజు మారా నది ఒడ్డున మూడు గంటలు కాచుకొన్నాము. వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు గట్టు దాకా దిగి, నీళ్లు వాసన చూసి, ఏదో ఒకటి బెదరగానే దుమ్ము లేపుకొంటూ వెనక్కి పోయాయి, అలా నాలుగుసార్లు. అవి నది దాటడం మేము చూడలేదు. బావగారికి ఇది పెద్ద లోటు, నాకు అంత కాదు. కన్సర్వెన్సీలో రెండో ఉదయం చెదపుట్ట ఎక్కి కూర్చున్న ఒక చీతా, రెండు పిల్లలు తోక పట్టుకు లాగుతున్నా కళ్లు తిప్పకుండా నలభై నిమిషాలు దూరంగా ఉన్న గజెల్ జింకనే చూస్తూ ఉండిపోయింది. అక్కడ ఉన్నది మా బండి ఒక్కటే. రిజర్వులో అదే చీతా కనబడితే, జంతువు దగ్గర ఐదు బండ్లకు మించరాదన్న నియమం ఉన్నా, వెనుక ఇరవై బండ్లు వరుస కడతాయి. కన్సర్వెన్సీ భూమి మసాయి కుటుంబాలది, క్యాంపులు వారికి కౌలు చెల్లిస్తాయి. రాత్రి సఫారీకి, గైడుతో కాలినడకకు అక్కడ అనుమతి ఉంది. ధర ఎక్కువే. మళ్లీ వెళితే గేటు బయట రెండు రాత్రులు మానుకొని, నాలుగూ కన్సర్వెన్సీలోనే ఉండి, రిజర్వుకు ఒక్క రోజు వెళతాను.

డేరా జిప్పును చివరి దాకా లాగమని రెండు క్యాంపుల్లోనూ చెప్పారు. బావగారు స్నానానికి వెళుతూ జానెడు తెరిచి ఉంచారు. తిరిగి వచ్చేసరికి ఒక వెర్వెట్ కోతి మంచం మీద కూర్చుని, మా అక్క తెచ్చిన సున్నుండల డబ్బా మూత తీసి, ఒక్కొక్కటే కొరికి పక్కన పెడుతున్నది. "నేను జిప్పు వేసే వెళ్లాను" అని ఆయన ఇప్పటికీ అంటారు.

మారా నుంచి నైరోబీ విల్సన్ విమానాశ్రయానికి చిన్న విమానంలో వచ్చాము. మనిషికి 15 కిలోలు, అదీ మెత్తటి సంచుల్లోనే. గట్టి సూట్‌కేసులను ముందే నైరోబీ హోటలులో వదిలి వెళ్లడం మంచిదైంది. ముంబైలో దిగగానే ఇమిగ్రేషన్ కన్నా ముందే ఆరోగ్య శాఖ బల్ల ఉంది. పసుపుపచ్చ పుస్తకాల్లో తేదీ, ముద్ర చూసి నలుగురినీ రెండు నిమిషాల్లో పంపించారు. మా ముందున్న యువకుడు మాత్రం ఫోనులో ఫోటో ఉందని, అసలు పుస్తకం ఇంట్లో ఉందని చెబుతూ అక్కడే నిలబడి ఉన్నాడు.