టెస్టులకు ట్యాగులు: పైటెస్ట్ మార్కర్లా, సొంత డెకరేటరా?

పైథాన్ కోడ్‌ని సరిచూసే టెస్టులు వందలు దాటాక ప్రతి టీములోనూ ఇదే ప్రశ్న వస్తుంది. ఏది స్మోక్ (ముఖ్యమైనవి పనిచేస్తున్నాయా అని చటుక్కున చూసేది), ఏది స్లో, ఏది ఎవరిది, ఏ టికెట్ కోసం రాసింది అని గుర్తుపెట్టడానికి పైటెస్ట్ (పైథాన్ టెస్టులు రన్ చేసే టూల్) మార్కర్లు, అంటే అది టెస్టుల మీద పెట్టనిచ్చే ట్యాగులు, సరిపోతాయా, సొంతంగా డెకరేటర్ రాసుకోవాలా, లేక ఫంక్షన్ పేరులోనే స్మోక్ అని ఇరికించేస్తే పోదా? డెకరేటర్ అంటే ఫంక్షన్ పైన @ పెట్టి తగిలించేది, అంతవరకు తెలిస్తే చాలు, నేరుగా విషయానికి వస్తాను.

ముందు పేరులో ఇరికించే పద్ధతి సంగతి తేల్చేద్దాం. పైటెస్ట్ కమాండ్‌లో మైనస్ కె (-k, పేరుని బట్టి టెస్టులు ఏరే ఆప్షన్) ఇచ్చి వెతికితే ఆ అక్షరాలు పేరులో ఎక్కడ కనిపించినా పట్టేస్తుంది, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా చూడదు. ఆర్డర్ టెస్టులు కావాలంటే రీఆర్డర్ టెస్టులు, బోర్డర్ కలర్ టెస్టులు, చివరికి రికార్డర్ అనే ఫైల్లో ఉన్నవన్నీ కూడా వచ్చేస్తాయి. మన మెషీన్‌లో ఒక్క టెస్టుని చటుక్కున రన్ చేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని తనంతట తానే రన్ చేసే ఏర్పాటు) పెట్టడానికి మాత్రం పనికిరాదు. ఇక ట్యాగులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుందామంటారా, టెస్ట్ పేరు మారినప్పుడు షీట్ ఎవరూ మార్చరు, అంతే.

అసలు పోటీ మార్కర్లకీ సొంత డెకరేటర్‌కీ. ఎంత తక్కువ రాయాలి, రిపోర్టులో ఎలా కనిపిస్తుంది అని చాలామంది పోలుస్తారు గానీ, నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ట్యాగ్ తప్పు రాస్తే ఎవరైనా అరుస్తారా లేదా? టెస్ట్ ఫెయిలైతే ఎర్రగా కనిపిస్తుంది. ట్యాగ్ తప్పు పడితే ఆ టెస్ట్ స్మోక్ రన్‌లోకే రాదు, బిల్డ్ మాత్రం పచ్చగా వెలుగుతూ ఉంటుంది, నెలలు గడిచినా ఎవరికీ అనుమానం రాదు.

మార్కర్లు మామూలుగా ఈ విషయంలో మెతక. స్మోక్ స్పెల్లింగ్‌లో చివరి అక్షరం ఎగిరిపోతే పైటెస్ట్ ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, అది మిగతా వార్నింగుల గుంపులో కలిసిపోతుంది. కానీ మార్కర్ల పేర్లన్నీ పైటెస్ట్ డాట్ ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైల్లో రిజిస్టర్ చేసి స్ట్రిక్ట్ మార్కర్స్ ఆప్షన్ ఆన్ చేస్తే, తెలియని పేరు కనబడగానే కలెక్షన్ (రన్‌కి ముందు టెస్టుల్ని పోగుచేసే దశ) దగ్గరే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఈ ఒక్క సెట్టింగ్ లేకుండా మార్కర్లు వాడటం కంటే అసలు వాడకపోవడమే నయం అంటాను.

అలాగని స్ట్రిక్ట్ అన్నీ పట్టదు. అది చూసేది టెస్ట్ మీద రాసిన పేరునే, కమాండ్‌లో మైనస్ ఎమ్ (-m, మార్కర్‌ని బట్టి టెస్టులు ఏరే ఆప్షన్) తర్వాత రాసేదాన్ని కాదు. అక్కడ స్మోక్ తప్పు రాస్తే పర్లేదు, ఒక్క టెస్టూ దొరక్క ఎగ్జిట్ కోడ్ 5 (ఏ టెస్టూ దొరకలేదని అర్థం) వస్తుంది, సీఐ ఫెయిలవుతుంది. అదే 'నాట్ స్లో' అనబోయి స్లో స్పెల్లింగ్ తప్పితే, స్లో టెస్టులతో సహా అన్నీ హాయిగా రన్ అవుతాయి, ఎవరూ ఏమీ అనరు. ఇంకో లొసుగు ఆర్గ్యుమెంట్లు. ప్రయారిటీ అనే మార్కర్ రిజిస్టరై ఉంటే చాలు, బ్రాకెట్లలో హై బదులు ఏ చెత్త రాసినా పైటెస్ట్‌కి పట్టదు.

సొంత డెకరేటర్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. ఓనర్ ఇవ్వకపోతే ఇంపోర్ట్ దగ్గరే టైప్ ఎర్రర్, ప్రయారిటీకి ఈనమ్ (ముందే ఖాయం చేసిన విలువల జాబితా) పెడితే అందులో లేని పేరు రాయగానే ఎర్రర్ వస్తుంది, ఎడిటర్ ఆప్షన్లు కూడా చూపిస్తుంది. కానీ ఆ సమాచారాన్ని ఫంక్షన్ మీద ఒక ఆట్రిబ్యూట్‌గా అతికించి వదిలేస్తే పైటెస్ట్ మైనస్ ఎమ్‌కి దాని ఊసే తెలియదు. దాని విలువని బట్టి ఫిల్టర్ చేయడానికి హుక్ (పైటెస్ట్ మధ్యలో పిలిచే మీ ఫంక్షన్) మీరే రాయాలి. క్లాస్ మీద పెడితే అందులోని మెథడ్స్ అన్నిటికీ వర్తించడం, ఫైల్ మొత్తానికీ ఒకే లైన్‌లో పెట్టడం, పారామెట్రైజ్‌లో (ఒకే టెస్టుని వేర్వేరు డేటాతో రన్ చేసేది) ఒక్క వరసకే పెట్టడం, మార్కర్లకు ఊరికే వచ్చే ఇవన్నీ మళ్లీ కట్టుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది?

కాబట్టి నా ఓటు మార్కర్లకే, కాకపోతే చిన్న మెలికతో. స్మోక్, స్లో లాంటివి ఉత్త మార్కర్లుగా ఉంచండి. ఓనర్, టికెట్, ప్రయారిటీ లాంటి వివరాలకు నాలుగైదు లైన్ల డెకరేటర్ రాసి, విలువలు సరిచూసుకున్నాక లోపల మార్కర్‌నే తగిలించండి. కీవర్డ్ ఆర్గ్యుమెంట్లుగా (పేరు = విలువ అని) ఇస్తే, పైటెస్ట్ 8.3 నుంచి మైనస్ ఎమ్‌లోనే ఓనర్ విలువతో ఫిల్టర్ చేయొచ్చు, పొజిషనల్‌గా (పేరు లేకుండా విలువ మాత్రమే) ఇస్తే కుదరదు.

ఏ పద్ధతైనా ఒకటి చూసుకోండి. టెస్టుకి రీట్రై (ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించేది) లాంటి రాపర్ డెకరేటర్, అంటే ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్‌తో చుట్టేది, మీరే రాసి ట్యాగ్‌కి పైన పెడితే, అందులో ఫంక్‌టూల్స్ రాప్స్ (లోపలి ఫంక్షన్ ఆట్రిబ్యూట్లని చుట్టిన దానికి కాపీ చేసేది) తప్పనిసరి. లేదంటే కింది ట్యాగ్ ఎగిరిపోతుంది, మార్కరైనా సరే, ఎందుకంటే అదీ ఫంక్షన్ మీద ఆట్రిబ్యూట్‌గానే ఉంటుంది.

జంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాళ్లకు 1.10 నుంచి ట్యాగ్ డెకరేటర్ ఉంది, జావాలో జేయూనిట్ 5 అనే టెస్ట్ టూల్‌కి ట్యాగ్ అనొటేషన్ ఉంది, వాటితో పని జరిగిపోతుంది. నోస్ అనే పాత పైథాన్ టెస్ట్ టూల్ ఆట్రిబ్యూట్లు ఇంకా మోస్తున్నవాళ్లు మాత్రం బయటపడండి, దాని చివరి రిలీజ్ 2015లో వచ్చింది.

పాత ప్రాజెక్టులో స్ట్రిక్ట్ ఒక్కసారిగా ఆన్ చేస్తే ఎర్రర్ల వరద వచ్చి టెన్షన్ పడతారు. ముందు మామూలుగా రన్ చేసి, వార్నింగుల్లో వచ్చిన పేర్లన్నీ ఏరి, స్పెల్లింగ్ తప్పులు సరిదిద్ది, మిగిలినవి రిజిస్టర్ చేసి, అప్పుడు ఆన్ చేయండి.