‘బ్యాటిల్ రెడీ’ అని అమ్ముతున్న లాంగ్‌సోర్డ్‌లతో జాగ్రత్త! కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

జర్మనీలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉంటూ లాంగ్‌సోర్డ్ (రెండు చేతులతో పట్టే మధ్యయుగపు యూరప్ పొడవాటి కత్తి) క్లాసులకు వెళ్తున్న మనవాళ్ల కోసం, కొత్తగా చేరాలనుకుంటున్నవాళ్ల కోసం ఈ పోస్టు రాస్తున్నాను. ‘స్పారింగ్‌కు పనికొస్తుంది’, అంటే ఇద్దరు తలపడే ప్రాక్టీస్‌కు సరిపోతుంది అని రాసి మరీ అమ్మిన కత్తి ఒకటి నాకు వచ్చింది. పిడి విప్పి లోపల ఏముందో చూశాక ఒళ్లు జలదరించింది. ఆ కత్తితో ఎవరికీ దెబ్బ తగలకముందే బయటపడటం మా అదృష్టం.

షాపు పేరు రాయడం లేదు. అదే ఫోటోలతో, అదే వర్ణనతో, అదే కత్తి రకరకాల పేర్లున్న సైట్లలో కనిపిస్తోంది. నేను ఒక పేరు చెబితే మీరు ఆ ఒక్కదాన్ని వదిలేసి పక్కదాంట్లో కొంటారు. అందుకే కత్తిని ఎలా గుర్తుపట్టాలో చెబుతాను.

నేనుండేది న్యూరెంబర్గ్‌లో. క్లబ్బు కత్తులతోనే నేర్చుకుని, ఇక సొంతంగా ఒకటి ఉంటే బాగుంటుందని వెతికాను. ప్రకటనలో రాసింది ఇదీ: 15వ శతాబ్దపు జర్మన్ నమూనా, స్ప్రింగ్ స్టీల్, ఫుల్ టాంగ్ (బ్లేడ్ తోక పిడి లోపలంతా సాగి ఉండటం), చేత్తో సాగగొట్టిన బ్లేడ్, బ్యాటిల్ రెడీ, స్పారింగ్‌కు సిద్ధం. ధర 190 యూరోలు. సైటు జర్మన్‌లోనే ఉంది, పార్సిల్ మాత్రం యూరప్ బయటి నుంచి వచ్చింది. పైగా కస్టమ్స్ కూడా కట్టాల్సి వచ్చింది.

పెట్టె విప్పగానే తూకం వేశాను. 2.3 కిలోలు. ఈ మోసమంతా నిలబడి ఉన్నది ఈ బరువు మీదే.

మధ్యయుగపు కత్తి అంటే ఎత్తడానికే ఇద్దరు కావాలన్నంత బరువుంటుందని మనలో చాలామంది నమ్మకం. సినిమాలూ వీడియో గేములూ అలాగే చూపిస్తాయి. కాబట్టి చేతికి బరువైన ఇనుము తగిలితే ‘అబ్బ, అసలైనది వచ్చింది’ అని సంతోషపడతాం. నిజానికి మ్యూజియంలలో ఉన్న అసలు లాంగ్‌సోర్డ్‌లు చాలావరకు 1.2 నుంచి 1.6 కిలోల మధ్య ఉంటాయి. మొత్తం పొడవు సుమారు 110 నుంచి 130 సెంటీమీటర్లు. రెండు చేతులకూ చోటున్న పిడి, మొన వైపు వెళ్లేకొద్దీ పలచబడే బ్లేడ్, పిడి చివర బ్లేడ్ బరువుకు సరితూగేలా పెట్టే గుండు, అంటే పామెల్. ఆ కాలపు కమ్మరులు ఒక్క గ్రాము కూడా ఊరికే ఉంచలేదు. 14, 15 శతాబ్దాల్లో ప్లేట్ కవచాలు మెరుగుపడేకొద్దీ ఈ కత్తుల మొన కూడా సూదిగా మారుతూ వచ్చింది. ఓక్‌షాట్ అనే ఆంగ్ల పరిశోధకుడు చేసిన వర్గీకరణలో ఈ మార్పు వరసగా కనిపిస్తుంది. నరకడానికి అనువైన వెడల్పు బ్లేడ్లు ముందు, కవచం సందుల్లోకి పొడిచే సన్నని బ్లేడ్లు తర్వాత.

బరువు గురించి ఇంతలా చెప్పడానికి కారణం ఉంది. ఈ విద్య మొత్తం తేలికైన కత్తిని నమ్ముకుని పుట్టింది. యోహానెస్ లీష్టెనావర్ అనే గురువు సూత్రాలను పద్యాలుగా కట్టి చెప్పాడు. వాటికి వ్యాఖ్యానం ఉన్న, 1400 ప్రాంతానికి చెందిన రాతప్రతి ఒకటి మా ఊరి జర్మన్ నేషనల్ మ్యూజియంలోనే ఉంది. ఇటలీ వైపు ఫియోరే దెయి లిబేరి అనే గురువు 1409 ప్రాంతంలో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. వాటిలో చెప్పింది మోటు బలంతో బాదడం గురించి కాదు. రెండు కత్తులు కలిసిన క్షణంలో ఎదుటివాడి పట్టు గట్టిగా ఉందో మెత్తగా ఉందో చేతితో పసిగట్టి, అక్కడికక్కడే కత్తిని తిప్పి మొనను లోపలికి పంపడం అసలు విషయం. స్వెర్ష్‌హావ్ అనే దెబ్బ చూడండి. బొటనవేలు బ్లేడ్ చదును మీద పెట్టి, తల ముందు నుంచి అడ్డంగా తిప్పి కొడతారు. ఎదుటివాడు పైనుంచి వేసే దెబ్బను ఆపడం, అతన్ని కొట్టడం ఒకే కదలికలో జరిగిపోవాలి. నాకొచ్చిన కత్తితో అది ప్రయత్నిస్తే మణికట్టు లాగేసింది. దాని బ్యాలెన్స్ పాయింట్ (వేలి మీద పెడితే కత్తి అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోటు) క్రాస్‌గార్డ్‌కు, అంటే పిడికీ బ్లేడ్‌కూ మధ్య ఉండే అడ్డకడ్డీకి, 20 సెంటీమీటర్ల ముందుంది. ప్రాక్టీస్ కత్తుల్లో అది 10 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ఇంత ముందుకు తూగే ఇనుమును ఎదుటివాడి మాస్క్‌కు ముందు ఆపాలంటే ఆపలేం. ప్రాక్టీస్‌లో ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

క్లబ్బుకు తీసుకెళ్తే మా ట్రైనర్ చేతిలోకి తీసుకుని క్రాస్‌గార్డ్ మీద వేలితో తట్టాడు. లోపల కిటకిటమని చప్పుడు. పామెల్ పట్టుకుని తిప్పితే ఏ పనిముట్టూ లేకుండా చేత్తోనే ఊడొచ్చింది. పిడి చెక్క రెండు ముక్కలుగా జారింది. ఆ లోపల ఉన్నది టాంగ్ కాదు. బ్లేడ్ భుజాల దగ్గర (వెడల్పు తగ్గి టాంగ్ మొదలయ్యే చోట) లంబకోణంలో కోసేసి, నాలుగు వేళ్లంత కూడా లేని మొండి ముక్క వదిలారు. దానికి పెన్సిల్ లావు మరచుట్ల కడ్డీ ఒకటి వెల్డింగ్ చేసి అతికించారు. వెల్డింగ్ చుట్టూ నీలం, నలుపు రంగు మచ్చ. దాని ఒక పక్క వెంట్రుకంత పగులు అప్పటికే మొదలైంది. ఫుల్ టాంగ్ అని రాసి అమ్మింది దీన్ని!

ఊళ్లో కొడవలి చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొడవలి తోక పిడిలోకి వెళ్లినట్టే కత్తికీ అదే ఉక్కు, అదే ముక్క పిడి లోపలంతా సాగి వెళ్లాలి. అసలు లాంగ్‌సోర్డ్‌లలో ఆ తోక క్రమంగా సన్నబడుతూ పామెల్ గుండా బయటికి వచ్చేది, చివరను సుత్తితో కొట్టి బిగించేవారు. మరచుట్టు ఉంటేనే తప్పు అనుకోకండి. ఈ రోజుల్లో మంచి తయారీదారులు కూడా టాంగ్ చివర మరచుట్టు తీసి నట్టుతో బిగిస్తారు, పిడి పాడైతే విప్పి మార్చుకోవచ్చని. చూడాల్సింది రెండు విషయాలు: టాంగ్ బ్లేడ్‌తో ఒకే ముక్కగా ఉందా, భుజాల దగ్గర మూలలు గుండ్రంగా ఉన్నాయా. పదునైన మూల దగ్గరే పగులు పుడుతుంది. నాకొచ్చిన కత్తి ఒక గట్టి దెబ్బకు అక్కడ విరిగి ఉంటే మీటరు పొడవున్న ఇనుప ముక్క హాల్లో ఎగిరేది. పక్కన మాస్క్ తీసి నీళ్లు తాగుతున్నవాళ్లు ఉంటారు. రాస్తుంటే ఇప్పుడు కూడా టెన్షన్‌గానే ఉంది.

బ్లేడ్ సంగతి కూడా అంతే. మొనను చెక్క నేలకు ఆనించి కొంచెం వంచాం. వంగింది, వంగినట్టే ఉండిపోయింది. సరిగ్గా వేడి చేసి చల్లార్చిన స్ప్రింగ్ స్టీల్ వదలగానే నిటారుగా వస్తుంది. ప్రకటనలో స్ప్రింగ్ స్టీల్ అని ఉన్నా ఏ గ్రేడో రాయలేదు. నిజంగా వాడేవాళ్లు 51సీఆర్‌వీ4 లాంటి పేరు చెబుతారు, వేడి చేసి చల్లార్చాక ఎంత కాఠిన్యం వచ్చిందో కూడా చెబుతారు. స్టెయిన్‌లెస్ అని ఉంటే అసలు ఆలోచించకండి. అది గోడకు తగిలించుకునే సరుకు, అంత పొడవు బ్లేడ్‌లో పుటుక్కున విరుగుతుంది.

స్పారింగ్‌కు కావాల్సింది ఫెడర్ అనే రకం. క్రాస్‌గార్డ్ దగ్గర బ్లేడ్ రెండు పక్కలా రెక్కలా వెడల్పుగా ఉంటుంది, ఆ పైన సన్నగా సాగి చివర బాగా వంగుతుంది. అంచు మొద్దుగా, కనీసం 2 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది. మొనను చుట్టగానో ఉబ్బెత్తుగానో చేస్తారు. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయిన యోఆఖిమ్ మేయర్ అనే కత్తి విద్య గురువు పుస్తకం బొమ్మల్లో విద్యార్థులు పట్టుకున్నవి ఇలాంటివే. ఎదుటివాడు పొడిచినప్పుడు బ్లేడ్ వంగాలి, లేకపోతే ఆ తోపు మొత్తం పక్కటెముకల మీద పడుతుంది. ఎంత మంచి జాకెట్ వేసుకున్నా వంగని కత్తిని అది ఆపలేదు. నాకొచ్చినదాని అంచు మాత్రం వంటింటి చాకు కంటే కొంచెం మొద్దు, అంతే. రెండు మూడు మెల్లటి దెబ్బలకే రంపపు పళ్లలా నొక్కులు పడి, వాటి కొసలు నా గ్లవ్ తోలును చీల్చేశాయి.

ఆ బ్లేడ్ మీద ఇత్తడి రంగులో తోడేలు గుర్తు కూడా ఉంది, ‘పాసావ్ కమ్మరుల ముద్ర’ అని గొప్పగా రాశారు. జర్మనీలోని పాసావ్ ఊరి తోడేలు ముద్ర నిజంగానే మధ్యయుగంలో పేరున్న గుర్తు. ఎంత పేరంటే ఇంకో జర్మన్ ఊరు సోలింగెన్ కమ్మరులు దాన్ని కాపీ కొట్టి తమ కత్తుల మీద వేసుకునేవారు. తర్వాత సోలింగెన్‌కే అంత పేరు వచ్చింది, ఆ పేరును నకిలీల నుంచి కాపాడటానికి 1938లో చట్టమే చేయాల్సి వచ్చింది. కాబట్టి ముద్ర చూసి డబ్బు పెట్టకండి. ముద్ర వేయడం అన్నిటికంటే చవకైన పని.

అదే షాపులో ‘డమాస్కస్ లాంగ్‌సోర్డ్’ కూడా పెట్టారు, ఇంకా ఎక్కువ ధరకు. మనవాళ్లు దీనికి త్వరగా పడిపోతారని నా భయం, ఎందుకంటే డమాస్కస్ అనగానే, ఆ పేరున్న పాత కత్తులకు వెళ్లిన మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు గుర్తొస్తుంది. ఆ ఉక్కును మూసల్లో కరిగించి చేసేవారు, పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కెళ్లేవారు. దాని మీది అలల గీతలు ఉక్కు లోపలి నిర్మాణం వల్ల వచ్చినవి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో డమాస్కస్ అని అమ్మేది రెండు రకాల ఉక్కు పొరలు కలిపి సాగగొట్టి యాసిడ్‌లో ముంచినది. రెండింటికీ సంబంధం లేదు. పొరల మధ్య అతుకు ఎక్కడ సరిగ్గా పడకపోయినా పొడవాటి బ్లేడ్ అక్కడే విడిపోతుంది.

ఇక డబ్బు సంగతి. వాపసు అడిగితే మొదట ‘మీరు తప్పుగా వాడారు’ అన్నారు. ఫోటోలు పంపితే ‘ఇది అలంకరణ వస్తువు, పేజీ అడుగున రాశాం’ అన్నారు. తర్వాత ధరలో 20 శాతం ఇస్తామని బేరం పెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే తిప్పి పంపే హక్కు మనకుంది. కానీ అమ్మినవాడు యూరప్ బయట ఉంటే ఆ హక్కును సాధించుకోవడం చాలా కష్టం, పంపే ఖర్చే కత్తి ధరకు దగ్గరగా వస్తుంది. చివరికి డబ్బు కట్టిన పేమెంట్ కంపెనీ దగ్గర డిస్ప్యూట్ పెడితే కత్తి ధర వచ్చింది. రవాణా, కస్టమ్స్ పోయినట్టే. ప్రకటన పేజీని కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచడం నన్ను కాపాడింది, ఎందుకంటే గొడవ మొదలయ్యాక ‘స్పారింగ్’ అనే మాట అక్కడి నుంచి మాయమైంది. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయమంటే మాత్రం ఒప్పుకోకండి.

కొనేముందు అమ్మేవాణ్ని బరువు, బ్యాలెన్స్ పాయింట్, ఉక్కు గ్రేడ్, అంచు మందం అడగండి. పిడి తీసేసిన టాంగ్ ఫోటో అడగండి. నిజాయతీ ఉన్నవాడు వెంటనే చెబుతాడు. నాకు ఈ కత్తి అమ్మినవాళ్లు ‘మా కత్తులు చాలా గట్టివి సార్’ అని మాత్రమే జవాబిచ్చారు. మంచి ఫెడర్ కొత్తది 250 నుంచి 400 యూరోల దాకా అవుతుంది, కొన్నిసార్లు నెలల తరబడి ఆగాలి. ఆగండి. అప్పటిదాకా క్లబ్బు కత్తి, లేదా నైలాన్ ప్రాక్టీస్ కత్తి చాలు. మీ క్లబ్బులో సీనియర్లు ఏది వాడుతున్నారో అడిగి అదే తీసుకోండి.

జర్మనీలో ఉన్నవాళ్లు ట్రైన్‌లో తీసుకెళ్లేటప్పుడు జిప్పుకు తాళం వేసిన సంచిలో పెట్టుకోండి, భుజాన బయటికి కనిపించేలా వేసుకుంటే చిక్కుల్లో పడొచ్చు. ఇంటికి వెళ్లేటప్పుడు ఇండియా తీసుకెళ్దామనే ఆలోచన కూడా వద్దు. 9 అంగుళాలు దాటిన బ్లేడ్ ఉన్న కత్తులు మన ఆయుధ నిబంధనల కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు.

ఇలాంటిది ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి వచ్చే క్లాసుకు ముందు పామెల్ తిప్పి చూడండి. చేత్తో ఊడొచ్చినా, క్రాస్‌గార్డ్ కదిలినా, లోపల వెల్డింగ్ మచ్చ కనిపించినా దాన్ని హాల్లోకి తీసుకురావద్దు. వెల్డింగ్ మళ్లీ చేయించి వాడదామనీ అనుకోవద్దు, ఆ వేడికి పక్కనున్న ఉక్కు ఇంకా పెళుసవుతుంది. లోపలి టాంగ్ ఫోటో, ప్రకటనలో రాసిన మాటలు ఇక్కడ కామెంట్‌లో పెడితే, అదే కత్తి ఇంకో పేరుతో కనిపించినప్పుడు మిగతావాళ్లు పోల్చి చూసుకుంటారు.